షటిల్ లేని చేతిమిషను

ముందే చెప్పుకుంటాను. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై ఆరో ఏట. ఒత్తుల దగ్గర చెయ్యి తడబడుతుంది. పొడుగు మాటలు రెండుమూడు సార్లు రాస్తే గాని కుదరవు. ఒక్కో కాగితానికి ఒక్కో మధ్యాహ్నం పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, నత్తనడకకి మన్నించండి.

మా ఆయన పాత కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. కొత్తవి ముట్టుకునేవాడు కాదు. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు పూలు, తాతల కాలం నాటివి మాత్రమే. అవి తయారుచేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి కాబట్టి వాటికి పార్టులు ఎక్కడా దొరకవు. ఒకదాన్ని నిలబెట్టాలంటే చచ్చిపోయిన ఇంకో రెండింటిని వెతికి విప్పాలి. అలా విప్పిన ముక్కలన్నీ గోడ పొడుగునా డబ్బాల్లో ఉండేవి. బిస్కట్ల డబ్బాలు, పాలపొడి డబ్బాలు, మందుబిళ్లల డబ్బాలు. ప్రతి డబ్బాకీ ఆయన చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉండేది.

నేనూ ఆ పనిలోనే ఉన్నాను. ముక్కల్ని కిరసనాయిల్లో నానబెట్టడం, బ్రష్షుతో రుద్దడం, ఆరబెట్టడం నా వంతు. కళ్లు మూసుకుని ఇచ్చినా ఏ స్ప్రింగు దేనిదో వేళ్లతో చెప్పేదాన్ని. చదువు మాత్రం లేదు. "మూడో వరస, మూత సొట్టపోయిన డబ్బా" అని ఆయన చెప్తే నేను అందించేదాన్ని. నలభై ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

మాకు ఒక్కతే కూతురు. దానికి తొమ్మిదేళ్లప్పుడు ఆయన ఒక చేతిమిషను కట్టి ఇచ్చాడు. కట్టి అని ఎందుకంటున్నానంటే, అది నాలుగు మిషన్ల ముక్కలు కలిపి చేసింది. అడుగుబల్ల ఒకదానిది, తల ఒకదానిది, చక్రం ఇంకో కంపెనీది, లోపలి సామానంతా నాలుగోదానిది. చక్రం తిప్పే పిడి మాత్రం విరిగిన కుర్చీ కాలుతో చెక్కాడు. పిల్ల గుప్పిట కొలిచి చెక్కాడు కాబట్టి అది మామూలు పిడిలో సగమే ఉండేది.

"నాలుగు కంపెనీల సంకరం. దీన్ని ఏమని పిలవాలి నాన్నా?" అని అడిగింది అది.

"మీ అమ్మ వైపు చుట్టాలందరినీ ఒక్కచోట కూర్చోబెట్టినట్టుంది. ఆ పేరే పెట్టుకో."

"మా వాళ్లు కనీసం పని చేస్తారు. మీ వైపు వాళ్లని కూర్చోబెడితే చక్రం తిరిగేదే కాదు" అన్నాను నేను లోపల్నుంచి.

అమ్మాయి పదకొండేళ్లు దాని మీద కుట్టింది. చెయ్యి పెరిగింది, పిడి పెరగలేదు. మారుస్తానంటే ఒప్పుకోలేదు, మూడు వేళ్లతోనే తిప్పేది. దాని కుట్టుకి ఒక నడక ఉండేది. గబగబా నాలుగు చుట్లు తిప్పేది, టక్కున ఆపేది, బట్ట సర్దుకుని మళ్లీ నాలుగు చుట్లు. ఇంట్లో ఏ మూల ఉన్నా ఆ చప్పుడుని బట్టి అది ఏం కుడుతోందో నాకు తెలిసిపోయేది. నాలుగు చుట్లు అయితే గౌను కుచ్చులు, పది చుట్లు అయితే దిండు గలీబు.

ఇరవయ్యో ఏట దానికి జ్వరం వచ్చింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాం. తిరిగి ఇద్దరమే ఇంటికి వచ్చాం.

ఆ తర్వాత సంగతి రాయడానికే ఈ కాగితాలు పట్టుకున్నాను.

మిషను వాడకుండా వదిలేస్తే నూనె గడ్డకట్టి బిగుసుకుపోతుంది. వారానికి ఒకసారైనా చుక్క నూనె వేసి నాలుగు చుట్లు తిప్పాలి. అది మా పనిలో మొదటి పాఠం. ఆయన అదే చేశాడు. అమ్మాయి పోయిన రెండో నెలలో ఒక పొద్దున నేను వంటింట్లో ఉండగా ముందు గదిలోంచి చప్పుడు వినబడింది. నాలుగు చుట్లు, ఆగింది. మళ్లీ నాలుగు చుట్లు.

నేను "టీ తాగి కూర్చోవే" అన్నాను.

అనేశాక గుర్తొచ్చింది. చేతిలో గిన్నె ఉంది, అది ఎక్కడ పడిందో తెలియదు. ముందు గదిలోకి వెళ్లేసరికి ఆయన చక్రం మీద చెయ్యి ఉంచి నా వైపు చూస్తున్నాడు. నా మాట ఆయనకీ వినబడింది.

"దాన్ని బయట పడెయ్. ఇంకోసారి ఆ చప్పుడు ఈ ఇంట్లో వినబడిందంటే నేనుండను. దాన్ని ఉంచుకుంటావో నన్ను ఉంచుకుంటావో తేల్చుకో" అన్నాను.

మర్నాడు మిషను లేదు. ఎక్కడికి పోయిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అమ్మాయి గురించీ అంతే. ఒకరి పుండు ఒకరికి తగలకుండా తప్పుకుని తిరిగాం.

ఒక ఏడాది గడిచాక నాకు ఆ చప్పుడు కావాలనిపించింది. ఉన్నట్టుండి ఒక రోజు పనిలో ఉండగా, దాని నడక ఎలా ఉండేదో మనసులో పట్టుకోబోతే అందలేదు. నాలుగు చుట్లేనా, మూడా? ఆపినప్పుడు టక్కుమనేదా, లేదా? అప్పటినుంచి ఆకలిలా ఉండేది. కాని బయట పడెయ్యమన్నది నేనే. ఏ మొహం పెట్టుకుని అడగను? పైగా ఆయన దాన్ని మర్చిపోయి కాస్త కుదుటపడ్డాడేమో, నేనెందుకు కెలకాలి అనుకున్నాను. అలా తొమ్మిదేళ్లు నోరు కట్టుకుని ఉన్నాను.

ఆ తొమ్మిదేళ్లూ ఆయన ప్రతి ఆదివారం పార్టుల కోసం తిరిగేవాడు. చేసంచి భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరేవాడు.

"ఇంట్లో ఉన్న ఇనుము చాలదా? ఊళ్లో తుప్పంతా మన కొంపకే చేరాలా?" అని నేను దెప్పేదాన్ని.

"ఒక్కటి దొరకాలి" అనేవాడు.

వట్టి చేతులతో వచ్చేవాడు. "దొరికిందా?" అంటే "లేదు" అనేవాడు. ఒక్కసారి మాత్రం, మిషను పోయిన నాలుగేళ్లకనుకుంటాను, "దొరికింది. కాని రాదు" అన్నాడు. ఏ తుప్పుపట్టిన మరమేకో ఊడి రావడం లేదనుకున్నాను. "కిరసనాయిలు పోసి ఓ రాత్రి నానబెట్టు, అదే వస్తుంది" అని సలహా కూడా ఇచ్చాను. ఆయన నా మొహంలోకి చూసి, "నీకు తెలిసిన పనే" అని చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.

నాలుగేళ్ల కింద ఆయన పోయాడు. పని మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడు.

పాత బేరాలు నన్ను వదల్లేదు. "అత్తా, నువ్వు చెయ్యగలవు" అని మిషన్లు తెచ్చి దించేవారు. చెయ్యగలను, కాని ఏ డబ్బాలో ఏముందో చెప్పేవాళ్లు లేరు. ఒక్క మరమేకు కోసం నలభై మూతలు తియ్యడం, అది చివరికి నలభై ఒకటో దాంట్లో ఉండడం. విసుగెత్తి, రెండు సందుల అవతల పెద్దవాళ్లకి మధ్యాహ్నం పూట చదువు చెప్తారంటే వెళ్లి కూర్చున్నాను.

"దేనికి నేర్చుకుంటున్నారమ్మా?" అని టీచరమ్మ అడిగితే "డబ్బాల కోసం" అన్నాను. అందరూ నవ్వారు. నిజం చెప్తే ఎందుకు నవ్వుతారో తెలియదు.

ఏడెనిమిది నెలలు పట్టింది. పుస్తకం బయట నేను మొదట చదివిన మాట 'సూదులు'. ఆ రోజు గోడ ముందు నిలబడి, కూడబలుక్కుంటూ డబ్బాలన్నీ చదువుకుంటూ పోయాను. 'బాబిన్లు పొడుగువి.' 'స్ప్రింగులు మెత్తవి.' 'పనికిరానివి కాని పారేయొద్దు.' ఆయన గొంతు విన్నట్టే ఉంది. మధ్యవరసలో, నేను బ్రష్షు పట్టుకుని కూర్చునే పీటకి సరిగ్గా ఎదురుగా, ఒక చిన్న మందుబిళ్లల డబ్బా ఉంది. దాని మీద 'అమ్మాయిది' అని రాసి ఉంది.

పద్నాలుగేళ్లపాటు రోజూ నా కళ్లెదుటే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

మూత తీస్తే నూనె గుడ్డలో చుట్టిన షటిల్ ఉంది. షటిల్ అంటే మిషను అడుగున దారం మోస్తూ ముందుకీ వెనక్కీ ఈదే వేలెడంత పడవ. అది లేకపోతే పైదారానికి జోడీ ఉండదు, కుట్టు పడదు. మా పనిలో ఒక కట్టుబాటుంది. మిషను ఎవరి దగ్గరైనా తాత్కాలికంగా ఉంచాల్సి వస్తే, షటిల్ తీసి మన దగ్గర పెట్టుకుంటాం. షటిల్ ఎవరి దగ్గరుంటే మిషను వాళ్లది.

అంటే ఆయన దాన్ని అమ్మలేదు, పారెయ్యలేదు. ఎక్కడో దాచాడు, అంతే.

ఆయన దాచేటంత నమ్మకం ఉన్నది ఒక్క పాతసామాన్ల వ్యాపారి మీదే. మర్నాడే వెళ్లాను.

"రా వదినా. చదువుకుంటున్నావటగా. మా బోర్డులో తప్పులు పట్టడానికొచ్చావా?" అన్నాడు.

"బోర్డు సంగతి తర్వాత. ఇది గుర్తుందా?" అని షటిల్ చూపించాను.

అతని మొహంలో నవ్వు పోయింది. ఒక డబ్బా బోర్లించి నాకు వేసి, తను నేల మీద కూర్చున్నాడు.

"అన్న తెచ్చి పెట్టాడు వదినా. ఆరు నెలలు ఉంచరా, ఆవిడ మనసు నిమ్మళించాక వచ్చి పట్టుకుపోతానన్నాడు. నేను పైఅటక మీద పెట్టాను. ఓసారి నేను ఊళ్లో లేనప్పుడు మా తమ్ముడు షటిల్ లేని మిషన్లన్నీ ఒక లాటు కింద బట్టల కంపెనీవాళ్లకి తోలేశాడు. వాళ్లకి కుట్టక్కర్లేదు, గోడకి పెట్టి చూపించుకుంటారట. షటిల్ లేదంటే పనికిరానిదే అనుకున్నాడు వాడు."

"మా ఆయనకి చెప్పావా?"

"ఆరు నెలలకి వచ్చాడు. చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. అక్కడే, నువ్వు కూర్చున్న చోటే కూర్చుని, 'ఆవిడకి ఇప్పుడే చెప్పకురా, దొరికాక చెప్తాను' అన్నాడు. ఆ కంపెనీకి చుట్టుపక్కల ఎన్నో దుకాణాలున్నాయి. అన్నీ తిరిగాడు. చివరికి దొరికిందో లేదో నాకు చెప్పలేదు. నేను అడిగే ధైర్యం చెయ్యలేదు."

నాకు ఆదివారాలు గుర్తొచ్చాయి. అతను నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మా ఊళ్లో ఆ కంపెనీకి మూడు దుకాణాలున్నాయి. రెండింట్లో లేదు. మూడోది పెద్దది, పదేళ్ల కింద తెరిచింది. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి, ఎక్కడినుంచో పాటలు. ఎదురుగోడ నిండా కిందనుంచి కప్పుదాకా మిషన్లు, ఇనుప అరల్లో వరసలుగా. అన్నిటికీ ఒకే నల్లరంగు కొట్టారు. పూల మీదా కొట్టారు, సూది మీదా కొట్టారు. ఎవరి పార్టు ఎవరికి సరిపోతుందో తెలుస్తూనే ఉంది. ఆ గోడ విప్పితే ఎన్ని ఇళ్లలో మిషన్లు లేచి నడుస్తాయో.

కింది వరస చివర్లో ఉంది. సగం పిడి. నలుగురు చుట్టాలు ఒక్కచోట. రంగు ఎంత కొట్టినా దాగలేదు.

దుకాణం చూసుకునే అమ్మాయిని పిలిచి చెప్పాను. పిల్ల మర్యాదస్తురాలే.

"అవి అమ్మకానికి కాదమ్మా, అందం కోసం పెట్టాం."

"కొనడానికి రాలేదు. అది మాది. షటిల్ నా దగ్గరుంది చూడు."

"అదేంటమ్మా?"

"షటిల్. ఇది ఎవరి దగ్గరుంటే మిషను వాళ్లది."

"బిల్లేమైనా ఉందా?"

"షటిల్ ఉందంటున్నాగా."

ఆ పిల్ల నన్ను కసురుకోలేదు. పైవాళ్లకి ఫోను చేసింది, చాలాసేపు నా తరఫునే మాట్లాడింది. తిరిగొచ్చి, "గోడంతా ఒకటే చట్రమట అమ్మా, అడుగున వెల్డింగు చేసేశారు. ఒకటి తియ్యాలంటే వరసంతా కొయ్యాలి. పైవాళ్లు ఒప్పుకోవట్లేదు" అంది. తన ఫోను చూపించి, "కావాలంటే ఫొటో తీసిస్తాను" అంది. వద్దన్నాను. ఇంకెవరో పిలిస్తే వెళ్లింది.

నేను వంగి అడుగుబల్ల చూశాను. నిజమే. ఇనుముకి ఇనుము కరిగించి అతికించేశారు. మా ఆయన చెప్పిన మాట అప్పుడు అర్థమైంది. దొరికింది, కాని రాదు. దాన్ని కిరసనాయిల్లో నానబెట్టమన్నాను నేను.

తలుపు దగ్గరుండే కాపలా మనిషి మెల్లగా నా పక్కకి వచ్చాడు. నడివయసు వాడు.

"పెద్దమ్మా, ఆ చివరిదాని కోసమేనా?"

"నీకెలా తెలుసు?"

"నూనె తాత తాలూకా మీరు?"

నేను తలూపాను.

"అనుకున్నా. ప్రతి ఆదివారం వచ్చేవాడు. చొక్కా కొంటాడేమోనని మొదట్లో అనుకునేవాళ్లం. ఆరేళ్లలో జేబురుమాలు కూడా కొనలేదు మహానుభావుడు. సంచిలోంచి నూనెబుడ్డి తీసి, దానికొక్కదానికే వేసేవాడు. రంగుని సూదిమొనతో గీకి గీకి సందులన్నీ తెరిచాడు. మేనేజరు చూస్తే ఊరుకోరు తాతా అంటే, నేను పాడుచెయ్యట్లేదు నాయనా, బిగుసుకుపోకుండా చూస్తున్నా అనేవాడు. నాలుగేళ్లయింది, కనబడట్లేదు."

"పోయాడు" అన్నాను.

అతను టోపీ తీశాడు.

"చక్రం తిప్పేవాడా?" అని అడిగాను.

"తిప్పేవాడు. కాని అదో రకం తిప్పడం పెద్దమ్మా. ఇదిగో, గోరంత జరిపి ఆగేవాడు. మళ్లీ గోరంత. ఒక్క చుట్టు పూర్తవడానికి అరగంట పట్టేది. చెవి ఆనించి విన్నా చప్పుడు వచ్చేది కాదు. ఓసారి నాకే విసుగొచ్చి, ఎందుకు తాతా అంత పీకులాట, గిర్రున తిప్పెయ్యకూడదా అన్నా."

"ఏమన్నాడు?"

"మా ఇంటావిడకి ఈ చప్పుడు పడదు నాయనా అన్నాడు."

నేను సంచిలో షటిల్ కోసం తడుముకున్నాను.

"ఆవిడ ఇక్కడ లేదుగా తాతా, మీ ఇల్లెక్కడ, ఈ దుకాణం ఎక్కడ అని నవ్వాను. తనూ నవ్వాడు. లేదనుకో, అయినా మాటిచ్చినట్టేగా అన్నాడు. మళ్లీ గోరంత గోరంత జరుపుకుంటూ కూర్చున్నాడు."

అతను ఇంకా ఏదో చెప్పాడు, నాకు వినబడలేదు. ఆయన దాని ముందు వంగి కూర్చోవడం, వేలు చక్రం మీద ఆనించి నా కోపానికి భయపడుతూ జరపడం కనబడుతోంది. నా కోపం ఏడాదికే చచ్చిపోయిందని ఆయనకి తెలియదు. తర్వాత తొమ్మిదేళ్లు ఆ చప్పుడు కోసం నేను చెవులు రిక్కించుకుని బతికానని తెలియదు. సాయంత్రం ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, అన్నం తిని, లేదు దొరకలేదు అని చెప్పేవాడు. నేను ఇనుము గురించి దెప్పేదాన్ని. ఒక్కసారి ఆయన, పోనీ నేను, నోరు తెరిచి ఉంటే ఆ ఆరేళ్లూ ఇద్దరం కలిసి ఇక్కడికి వచ్చేవాళ్లం.

"ఒక్కసారి ముట్టుకోవచ్చా?" అని అడిగాను.

"నేను తలుపు వైపు చూస్తుంటా" అని అతను వెనక్కి తిరిగాడు.

నాలుగేళ్లుగా నూనె లేక చక్రం మొరాయించింది. నా సంచిలోనూ నూనెబుడ్డి ఉంటుంది. ఆయన తెరిచిన సందులన్నిట్లో తలో చుక్కా వేశాను. అడుగుపలక జరిపి షటిల్ దాని చోట్లో పెట్టాను. ఎవరూ పిలవకుండానే వెళ్లి కూర్చుంది. పిడిని మూడు వేళ్లతో పట్టుకుని తిప్పాను.

గోరంత కాదు, గిర్రున తిప్పాను. నాలుగు చుట్లు, ఆపాను. మళ్లీ నాలుగు చుట్లు. చొక్కాలు చూసుకుంటున్నవాళ్లు తిరిగి చూశారు. దుకాణం పిల్ల గబగబా వచ్చి, నా మొహం చూసి ఆగిపోయింది.

చప్పుడు అదే. టక్కున ఆగడమూ అదే. కాని తిప్పింది నా చెయ్యని నా చెవికి తెలిసిపోయింది. వంటింట్లో ఆ పొద్దున నేను విన్నదీ అమ్మాయి చప్పుడు కాదు, ఆయన చప్పుడు. కూతురు పోయిన మనిషి దాని మిషను బిగుసుకుపోకుండా చూసుకుంటున్న చప్పుడు. దాన్నే నేను ఇంట్లోంచి వెళ్లగొట్టాను.

"ఇంక చాలమ్మా" అని దుకాణం పిల్ల నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"అయిపోయింది తల్లీ" అని పిడి వదిలాను.

ఇట్లు,
అందరూ మిషనత్త అని పిలిచే ముసలిదాన్ని. వయసు అరవై ఏడు. ఉండేది మా మిషన్ల దుకాణం వెనక గదిలో, ఒక్కదాన్నే.